గోబిమడి పురుగుల వనవాసం

పందొమ్మిది వందల యాభై ఆరు నవంబరులో హైదరాబాదు రాష్ట్రం అనేది లేకుండా పోయి ఆంధ్రప్రదేశ్ అనేది వచ్చింది. ఈ సంగతి చరిత్ర పుస్తకాలలో ఉంది, ఫొటోలతో సహా ఉంది. ఇది జరిగి నెల తిరక్కుండానే, సిరిసిల్ల పద్మశాలివాడలో అడెపు పర్శరాములు తెల్లవారకముందే లేచి, ఇత్తడి చెంబు చేతబట్టుకొని మానేటి ఒడ్డుకు నడవడం మొదలుపెట్టాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పొద్దున్నే చెంబు పట్టుకొని ఏటి ఒడ్డుకు పోవడంలో చరిత్ర ఏముంది, సగం ఊరు చేసే పనే కదా అని చదువుకున్నవారు సైతం పొరబడే అవకాశం ఉంది. తేడా ఏమిటంటే, మిగతావారి చెంబుల్లో నీళ్లు ఉండేవి. పర్శరాములు చెంబులో పురుగులు ఉండేవి.

సన్నటి పచ్చ పురుగులు. మంచుకు వణుకుతాయేమోనని అతను చెంబు మీద పాత గుడ్డపేలిక కప్పేవాడు. దారిలో ఆకలవుతుందేమోనని లోపల ఒక ఆకుముక్క వేసేవాడు. ఒడ్డున తుమ్మపొదలు దాటిన తర్వాత మోకాళ్ల మీద కూర్చొని, పుల్లతో ఒక్కొక్కదాన్నే ఎత్తి గడ్డి మీద దించి, "ఇగ ఈడ బతుకుండ్రి" అని చెప్పేవాడు. ఆ తర్వాత చెంబు తోముకొని ఇంటికి వచ్చి మగ్గం గుంతలో కాళ్లు పెట్టేవాడు. పద్నాలుగేళ్లు కాకపోయినా అది వనవాసమే. పైగా పంపించేవాడే వెంట నడిచి సాగనంపిన వనవాసం.

ఇంత దయకు కారణం బోధ. ఆ ప్రాంతంలో బోధ తీసుకోవడం అంటే ఒక గురువు దగ్గర చెవిలో మాట చెప్పించుకొని, ఆనాటి నుంచి కల్లు తాగననీ, మాంసం ముట్టననీ, ప్రాణం ఉన్నదేదీ తన చేతుల మీదుగా పోనివ్వననీ ఒప్పుకోవడం. నలభై ఏడేళ్ల వయసులో, కొడుకులిద్దరూ వేరుపడి ఎవరి మగ్గం వాళ్లు పెట్టుకున్నాక, పర్శరాములుకు ఆ కోరిక పుట్టింది. మంచి పనికి ముహూర్తం చూడనక్కరలేదంటారు. అతను చూసి ఉంటే బాగుండేది. బోధ తీసుకున్నది దసరాకు నాలుగు రోజుల ముందు.

దసరా నాడు సిరిసిల్లలో యాటమాంసం, అంటే మేకమాంసం, ఉడకని ఇల్లు ఉండదు. ఉంటే ఆ ఇంట్లో ఎవరికో పాణం బాగాలేదని అర్థం. పర్శరాములు ఇంట్లో నుంచి ఆ రోజు కందిపప్పు వాసన రావడంతో వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి, చంద్రవ్వ పక్కన కూర్చొని, "ఏమైందే" అని మెల్లగా అడిగారు. చంద్రవ్వ అతని భార్య. "ఏం గాలే, మా ఆయన బోధ తీసుకున్నడు" అని ఆమె చెప్పింది. అది విని వాళ్లు ఇంకొంచెంసేపు కూర్చున్నారు.

వాళ్లు వెళ్లిపోయాక చంద్రవ్వ అన్నం వడ్డించిన తలె అతని ముందు పెట్టి అడిగింది.

"బోధ తీసుకున్నది ఎవలు?"

"నేనే."

"నా చెవుల ఎవలన్న ఏమన్న చెప్పిండ్రా?"

"లే."

"మల్ల నా తలెల పప్పు ఎందుకున్నది?"

పర్శరాములు ముద్ద కలుపుతూ, గురువు పెట్టిన షరతు చెప్పాడు. మనిషి తినకపోతే సరిపోదు, ఇంట్లో మాంసం ఉడకవద్దు. ఉడికిన నాడు బోధ పోయినట్టే. మళ్లీ పోయి గురువు ముందు తల వంచుకొని నిలబడాలి. వాడకట్టు మొత్తం చూస్తుండగా కల్లుకుండ బోర్లించి వచ్చిన మనిషికి అంతకన్నా తలవంపు లేదు.

"గని నువ్వు ఫికర్ చెయ్యకే" అన్నాడతను. "మాంసం లెక్కనే ఉండే కూర ఒకటున్నది. గోబిగడ్డ అంటరు. ఉండ లెక్క ఉంటది, ఆకు మీద ఆకు. కరీంనగర్ల వకీలు బిడ్డ పెండ్లిల తిన్న. నోట్లె పెట్టుకుంటె కండే."

"గా పెండ్లిల మాంసం గూడ పెట్టిండ్రా?"

"పెట్టిండ్రు."

"రెండు ఒక్క తలెలనే తిన్నవా?"

పర్శరాములు పప్పు బాగుందన్నాడు.

చంద్రవ్వ అన్యాయం చేసే మనిషి కాదు. గడువు ఇచ్చింది. శివరాత్రి దాకా ఆగుతానంది. శివరాత్రికి ఒక్కపొద్దు ఉండి, జాగారం చేసి, మర్నాడు ఒక్కపొద్దు ఇడిచే పూట ఆ గోబిగడ్డ తన తలెలో పడాలి. అది మాంసం లెక్క ఉంటే ఇక జన్మలో మాంసం మాటెత్తదు. ఉండకపోతే, అసలు గోబిగడ్డే రాకపోతే, ఆపై వచ్చే ఆదివారం ఆ ఇంట్లో యాటకూర ఉడుకుతుంది. "నీ గురువు వచ్చి పొయ్యి ముంగట కూసున్నా సరే" అని కలిపింది. పర్శరాములు ఒప్పుకున్నాడు. బోధ నిలిచేదీ పోయేదీ ఇక గోబిగడ్డ చేతిలో పడింది.

సిరిసిల్ల అంగట్లో ఆ రోజుల్లో వంకాయ, బీరకాయ, తోటకూర దొరికేవి. క్యాబేజీకి ఆ వైపు పేరైన గోబిగడ్డ అంటే అది పండా, గడ్డా అని అడిగేవారు. కనుక పండించుకోవడం తప్ప దారి లేదు. బ్లాకు ఆఫీసులో దేవదాస్ అనే గ్రామసేవకుడు ఉండేవాడు. జగిత్యాల వైపు కుర్రవాడు. సైకిలు వెనక కొత్త కొత్త విత్తనాలు కట్టుకొని ఊళ్లు తిరుగుతూ, వద్దనిపించుకొని తిరిగి వస్తుండేవాడు. అతని ఉద్యోగంలో తనంత తానుగా వచ్చి నారు కావాలని అడిగిన మొదటి మనిషి పర్శరాములు. దేవదాస్ తడి గోనెగుడ్డలో చుట్టిన గోబి నారు స్వయంగా తెచ్చి, దొడ్లో మడి కట్టించి, నాటించి, కాసేపు చూసి మురిసి వెళ్లాడు. నీళ్లు పోసే పని మాత్రం చంద్రవ్వ మీద పడింది. పందెంలో ఆమె ఎదుటి పక్షం. అయినా కళ్లముందు మొక్క వాడుతుంటే చూడలేకపోయేది. రోజూ బావిలో నీళ్లు చేది, మొక్క మొదట్లో పోసి, "నీ పాడుగాను" అని తిట్టి పోయేది.

మొక్కలు అరచేయంత ఆకులు వేశాక మొదటి దండయాత్ర జరిగింది. ఆకుల అడుగున బూడిద చల్లినట్టు పేనుబంక పట్టింది. పేనుబంక అంటే ఆకు రసం పీల్చే నలుసంత పురుగు. చేత్తో ఏరడానికి వీలు కాదు, తుడిస్తే చస్తుంది. పర్శరాములు తలపట్టుకొని మగ్గం ముందు కూర్చున్నాడు. అక్కడ కూర్చున్నందువల్లనే అతనికి ఆ ఆలోచన వచ్చింది. ఇంకో కులంవాడికి వచ్చే ఆలోచన కాదు అది.

సాలెవాడు పడుగుకు గంజి పెడతాడు. గంజి తాగిన నూలుపోగు గట్టిపడి, నున్నబడి, దుమ్మునూ ధూళినీ అంటనివ్వదు. పోగుకు పనిచేసింది ఆకుకు ఎందుకు పనిచేయదు? ఆకు నున్నబడితే పేనుబంక కాలు జారి తనంత తానే కిందికి దిగిపోతుంది. జారడం హింస కాదు. పర్శరాములు బియ్యప్పిండి గంజి కాచి చల్లార్చి, పడుగు దువ్వే కుంచె తీసుకొని, ప్రతి ఆకుకూ ఈ పక్కా ఆ పక్కా పద్ధతిగా గంజి పెట్టాడు. ఎక్కడా మడత రానివ్వలేదు. ఆకు నిలువునా కుంచె లాగి, మళ్లీ అడ్డంగా లాగాడు. సాయంత్రానికి గోబిమొక్కలు బిర్రబిగిసి, చలవచేసిన పంచెల్లా నిలబడ్డాయి.

గోడ అవతలి ఇంటి నిజాముద్దీన్ ఇది మొదటి నుంచి చివరి దాకా చూశాడు. అతనికి నూలు రంగుల దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ ఒక బావి నీళ్లు తాగినవాళ్లు.

"పర్శరామ్ భాయ్, గంజి మంచిగ పట్టింది" అన్నాడు. "రంగు ఏది పెట్టమంటవ్? కొత్త ఎరుపు వచ్చింది, పోదు."

"నవ్వకు. పేనుబంక జారిపోతది, సూడు."

"నేను నవ్వుతలే. నేసినంక నాకు ఒక తాను ఇయ్యి."

మర్నాడు పొద్దున పేనుబంక అక్కడే ఉంది. ఆకు బిగిసింది కనుక కదలకుండా, కుదురుగా ఉంది. కొత్తగా వచ్చినవి చీమలు. గంజి వాసనకు వాడకట్టులోని చీమలన్నీ బారులు తీరి వచ్చాయి. గంజి తిన్నాయి. గంజి అయిపోయాక అక్కడే ఉండిపోయాయి. పేనుబంక నుంచి కారే తీపి జిగురు వాటికి నచ్చింది. పశువులను కాసినట్టు అవి పేనుబంకను కాయడం మొదలుపెట్టాయి. ఇదంతా పర్శరాములు గొంతుక్కూర్చొని గమనించి, తాను పురుగులకు కావలివాళ్లను కుదిర్చానని అర్థం చేసుకున్నాడు. మూడు వంతుల మడి ఆ విధంగా పోయింది. గంజి పెట్టడంలో పనితనం లోపం మాత్రం లేదు. ఎండి రాలిపడిన ఆకులు కూడా మడత లేకుండా రాలాయి.

మిగిలిన నాలుగైదు మొక్కలు లోపలికి ఆకు ముడిచి గడ్డ కట్టడానికి సిద్ధమవుతుండగా పచ్చపురుగు దిగింది. అది ఆకు రంగులోనే, ఆకు ఈనె పక్కనే, ఈనెలాగే పడుకొని ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. కానీ వందల పోగుల మధ్య తెగిన ఒక్క పోగును పట్టే కళ్లు పర్శరాములువి. వేలి కొసలతో నొప్పి తగలకుండా ఎత్తడం కూడా అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. అలా మొదలైంది చెంబు, మానేటి ఒడ్డు, వనవాసం.

నిజాముద్దీన్ కొన్నాళ్లు చూసి, ఒకరోజు గోడ మీద మోచేతులు ఆనించి అడిగాడు.

"భాయ్, గీళ్లను ఒడ్డుకు తీస్కపోయి ఇడుస్తున్నవ్ గదా. ఆడ ఏం తింటరు?"

"గడ్డి ఉన్నది గదా."

"గడ్డి తినేటోళ్లైతే నీ దొడ్డి గడ్డే తిందురు. గోబి ఎందుకు ఎక్కుతరు?"

పర్శరాములు చేతిలోని చెంబులోకి చూశాడు.

"ఉపాసం ఉండి సస్తరేమో" అన్నాడు నిజాముద్దీన్. "నేనైతే అంట లేను. జర సోంచాయించు."

ఆ రోజు ఆలోచనలోనే పడి పర్శరాములు మగ్గం మీద మూరెడు కూడా నేయలేదు. మర్నాటి నుంచి అతను రోజూ గోబిఆకులు రెండు కోసి చెంబుతోపాటు ఒడ్డుకు తీసుకుపోయి, బత్తెంగా పరిచి, వాటి మీద పురుగులను దించేవాడు. పురుగులు తినకుండా మిగిలిన ఆకులు ఈ విధంగా పురుగులకే చేరాయి.

ఇంత చేసినా పురుగు తగ్గలేదు. ఏరిన మర్నాడే మళ్లీ అంత పురుగు. మడి మీద పొద్దెక్కగానే తెల్లటి సీతాకోకచిలుకలు వచ్చి వాలి, లేచి, వాలి, లేచి తిరుగుతుండేవి. పర్శరాములుకు అవి ముచ్చటగానే ఉండేవి. దేవదాస్ వచ్చి చూసి తల కొట్టుకున్నాడు.

"అన్నా, ఇవే గుడ్లు పెడుతున్నయి. గుడ్డు పురుగైతది, పురుగు ముడుచుకొని పండుకుంటది, రెక్కలు తెచ్చుకొని మళ్ల ఇదే అయితది. మీరు చెంబుల పెట్టుకొని నడిచి ఇడిచిపెట్టి వచ్చినోళ్లు, ఎగురుకుంట వాపసు వస్తున్నరు."

పర్శరాములు తిరుగుతున్న సీతాకోకచిలుకల వంక చాలాసేపు చూశాడు. వాటిలో తెలిసిన మొఖం ఏమైనా ఉందేమోనని చూస్తున్నట్టు ఉంది.

దేవదాస్ సైకిలు దగ్గరికి పోయి డబ్బా ఒకటి తెచ్చాడు. "డీడీటీ పొడి. పొద్దుగాల మంచు మీద చల్లితే చాలు."

"చల్లితే ఏమైతది సారూ?"

"పోతయి."

"ఏడికి పోతయి?"

దేవదాస్ డబ్బా మీద రాసింది చదివాడు. అక్కడ జవాబు లేదు. డబ్బా మళ్లీ సైకిలుకు కట్టుకున్నాడు.

ఇక మూడో ఉపద్రవం కోళ్లది. ఒకరోజు పొద్దున పర్శరాములు ఒడ్డుకు బయల్దేరుతూ, తలకు రుమాలు కట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి, చెంబు గోడ మీద పెట్టాడు. నిజాముద్దీన్ భార్య లతీఫున్నీసా పెంచే ఎర్రకోడి ఒకటి ఆ గోడ మీదే పడుకునేది. రుమాలు రెండు చుట్లు తిరిగేసరికి గుడ్డపేలిక కింద పడింది. మూడో చుట్టుకు చెంబు ఖాళీ అయింది. కోడి ముక్కు గోడకు తుడుచుకొని, ఇంకేమైనా ఉందా అన్నట్టు అతని మొఖంలోకి చూసింది.

"అయ్యో భాయీ, మా కోడి ఏమన్న పాడు చేసిందా?" అని లతీఫున్నీసా అవతలి నుంచి అడిగింది.

"పాడేం లేదు చెల్లె. తిన్నది."

"పోనీ తీ, కడుపు నిండింది" అని ఆమె సంతోషించింది.

పర్శరాములు సంతోషించలేకపోయాడు. ఖాళీ చెంబు చేతబట్టుకొని, ఒడ్డుకు పోకుండా, వేములవాడ బాటన రెండు కోసులు నడిచి గురువు ఊరు చేరాడు. గురువు అంతయ్య కులానికి కుమ్మరి. బోధ చేసేటప్పుడు తప్ప మిగతా వేళల్లో కుండలు చేసేవాడు. ఆ వేళ ఒక పచ్చికుండను ఒడిలో పెట్టుకొని సలప అనే చెక్కతో అడుగు కొడుతున్నాడు. పర్శరాములు కాళ్లు మొక్కి, జరిగినదంతా రుమాలుతో సహా చెప్పాడు. అంతయ్య కొట్టడం ఆపలేదు.

"బోధ తీసుకున్నది నువ్వా, కోడా?"

"నేనే స్వామీ."

"మరి కోడి బతుకు కోడిది."

"నేను చెంబు గోడ మీద పెడితెనే గదా అది తిన్నది."

"తినాలెనని పెట్టినవా?"

"లే స్వామీ. రుమాలు కట్టుకుందామని పెట్టిన."

"రుమాలు కట్టుకుంటె దోషం లేదు."

పర్శరాములు గుండె తేలికైంది. మళ్లీ మొక్కి లేచాడు. లేస్తూ ఉండగానే అతని మనసులో ఒక బాట కనిపించింది. రోజూ పొద్దున్నే గోడ దగ్గర నిలబడి రుమాలు కట్టుకునే మనిషి ఒకడు ఆ బాటలో కనిపించాడు. అతను గడప దాకా పోయాక అంతయ్య కుండను తిప్పి పెట్టుకుంటూ అన్నాడు.

"పర్శరాములూ. రోజు గోడ కాడనే కట్టుకుంటె అది రుమాలు గాదు."

ఆ బాట అంతటితో మూసుకుపోయింది. అయితే గురువు మాట కోడి చెవిన పడలేదు. పురుగు రుచి మరిగిన ఎర్రకోడి మర్నాటి నుంచి పిలవకుండానే గోడ దూకి మడిలోకి రావడం మొదలుపెట్టింది. పిలవని కోడి పని తనకు అంటదని పర్శరాములు దానికి వీపు పెట్టి మగ్గం మీద కూర్చున్నాడు. రెండు రోజులు పురుగు తగ్గినట్టే ఉంది. మూడో రోజు పోయి చూస్తే కోడికి పురుగూ ఆకూ అనే భేదం లేదని తెలిసింది. ఉన్నవాటిలో మంచి గడ్డల నడిమి భాగం గుంత పెట్టి తినేసింది. పర్శరాములు ముళ్లకంప కొట్టుకొచ్చి మడి చుట్టూ దడి కట్టాడు. దడి లోపల మిగిలింది ఒకే ఒక్క గోబిగడ్డ. కొబ్బరికాయ కన్నా కొంచెం పెద్దది. దాని మీదా పురుగే.

మాఘమాసం ముదిరింది. శివరాత్రికి వేములవాడ పోయే జనం అప్పుడప్పుడే బండ్లు సర్దుకుంటున్నారు. పర్శరాములు పొద్దున ఏరుతున్నాడు, మాపున ఏరుతున్నాడు. మగ్గం మీద బట్ట జానెడు దగ్గరే ఆగింది. వాడకట్టులో పలకరించినవాళ్లందరూ శివరాత్రికి ఎన్ని రోజులుందో అతనికి చెబుతున్నారు. ఒకరోజు అన్నం ముందు కూర్చొని, అతను తినకుండా తలె వంకే చూస్తుంటే చంద్రవ్వ అడిగింది.

"ఏందయ్యా, అంత రంది?"

"ఏం లేదే. బోధ నిలిచేటట్టు లేదు."

చంద్రవ్వకు కావలసిందీ అదే కదా అనుకొని పర్శరాములు చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు అతను చెంబు తీసుకొని దొడ్లోకి పోయేసరికి చంద్రవ్వ దడి లోపల ఉంది. ముక్కాలిపీట వేసుకొని, గోబిగడ్డ ముందు కూర్చొని, ఆకు తిప్పి చూస్తోంది. ఆమె కుడిచేతి పక్కన ఒక బండరాయి ఉంది. ఎడమచేతిలో గులకరాయి ఉంది.

"ఏం చేస్తున్నవే?"

"అటు తిరుగు."

"ఏం చేస్తున్నవంటె..."

"అడుగకు" అంది చంద్రవ్వ, తిరిగి చూడకుండానే. "అడిగితె నేను చెప్పాలె. చెప్తె నువ్వు ఇనాలె. ఇంటె నువ్వు మల్ల గా కుమ్మరాయన కాడికి నడవాలె. రెండు కోసులు."

పర్శరాములు అటు తిరిగాడు. కాసేపటికి అటు తిరిగే అడిగాడు.

"నీకు యాటకూర వద్దా?"

"ఎందుకు వద్దు? పందెం పందెమే. గని నాలుగు నెలల సంది బాయిల నీళ్లు చేది పోసింది ఎవలు? పురుగులకు పోసిన్నా?"

ఆమె అన్నదాంట్లో ధర్మశాస్త్రం ఏమీ లేదు. ఆమెను ఆపడం తన ధర్మమా అని పర్శరాములు ఆలోచించాడు. ఆపితే చంద్రవ్వ ఆగుతుందా అని కూడా ఆలోచించాడు. రెండో ప్రశ్నకు జవాబు ముప్పై ఏళ్లుగా తెలిసిందే కనుక మొదటి ప్రశ్న అవసరం రాలేదు. బావి దగ్గరికి పోయి మొఖం కడుక్కోవడం మొదలుపెట్టాడు. వెనక రాయి మీద రాయి పడిన చప్పుడు సన్నగా వినిపించినప్పుడల్లా ఇంకో దోసిలి నీళ్లు మొఖాన కొట్టుకున్నాడు.

"భాయ్" అన్నాడు నిజాముద్దీన్ గోడ మీద నుంచి, "ఎవలి పెండ్లికి పోతున్నవ్?"

ఆనాటి నుంచి పర్శరాములు పొద్దెక్కిన దాకా పడుకునేవాడు. పాణం బాగాలేదా అని అడిగినవాళ్లకు బాగానే ఉందని చెప్పేవాడు. మానేటి ఒడ్డున తుమ్మపొదలకు అవతల ఎవరూ మోకాళ్ల మీద కూర్చోలేదు. చరిత్రలో ఒక ఘట్టం ఈ విధంగా నిద్రలో ముగిసింది.

శివరాత్రి వచ్చింది. ఇద్దరూ ఒక్కపొద్దున్నారు, జాగారం చేశారు. మర్నాడు చంద్రవ్వ తలస్నానం చేసి, కొడవలి తీసుకొని మడిలోకి పోయి గోబిగడ్డను కోసింది. దాన్ని చూడటానికి దేవదాస్ ముందే వచ్చి నిలబడ్డాడు. తన చేతి నారు గడ్డ దాకా వచ్చింది ఆ చుట్టుపక్కల అదొక్కటే. రెండు చేతులతో పట్టుకొని బరువు చూసి, మళ్లీ ఇవ్వడానికి కొంచెం ఆలస్యం చేశాడు. నిజాముద్దీన్, లతీఫున్నీసా గోడ దగ్గరికి వచ్చారు. చంద్రవ్వ గోబిని సన్నగా తరిగితే చాట నిండింది. తాలింపు వేసి, ఇంట్లో ఉన్న అన్నింటిలోకీ పెద్ద గిన్నెలో పోస్తే అంచు దాకా వచ్చింది. కారం, అల్లం, ధనియాల పొడి, యాటకూరకు ఏవేవి వేస్తుందో అవన్నీ వేసింది. ఎదుటి పక్షం తరఫున వండుతూ కూడా ఒక్క దినుసు తగ్గించలేదు. మూత పెట్టింది.

కొంతసేపటికి మూత తీసి చూసి, "ఓ అయ్యా, ఇటు రా" అని పిలిచింది.

పర్శరాములు వచ్చి చూశాడు. గిన్నె సగానికి దిగింది.

"ఇంకింత ఉడకాలె గదా?" అన్నాడు.

"ఉడకాలె. ఉడికితె ఇంకింత దిగుతది."

దిగింది. పొయ్యి మీద నుంచి దించేసరికి గిన్నె అడుగున పరిచినట్టు ఉంది. నారు ఇచ్చినవాడు ఇంటికి వచ్చి నిలబడ్డాక పెట్టకుండా పంపడం పద్ధతి కాదు కనుక దేవదాస్‌కు ఒక చిన్న కటోర నింపి పెట్టారు. ఒకే బావి నీళ్లు తాగిన ఇల్లు కనుక, పైగా గోడ దగ్గర నిలబడే ఉన్నారు కనుక, నిజాముద్దీన్ ఇంటికి ఇంకో కటోర పోయింది. ఆ తర్వాత గిన్నె గీకి చంద్రవ్వ రెండు తలెల్లో వేసింది. ఒక్కొక్కరికి ఒక ముద్దకు సరిపోయింది.

ఆమె నోట్లో పెట్టుకుంది. పర్శరాములు తన ముద్ద పట్టుకొని ఆమె దవడ వంక చూస్తున్నాడు. మూడు నెలల వనవాసం, గంజి, రెండు కోసుల నడక, బోధ, వాడకట్టులో తలెత్తుకొని తిరగడం అన్నీ ఆ దవడ కింద ఉన్నాయి. చంద్రవ్వ నమిలింది. మింగింది. నీళ్లు తాగింది.

"ఎట్లున్నదే?"

"నాలికె మీదికి వచ్చేటాలకే అయిపాయె. గింతల ఏం చెప్పాలె?"

"మాంసం లెక్క ఉన్నదా?"

"ఉన్నదనా, లేదనా. ఇంకో రెండు గంటెల కూరుంటె తెలుస్తుండె."

"మరి నేను గెలిచినట్టే గదా."

"గెలుస్తె నాకు తెల్వకపోవునా?"

గోడ అవతలి నుంచి నిజాముద్దీన్, తమ కటోర అభిప్రాయం కూడా అడగమన్నాడు. లతీఫున్నీసా అతన్ని లోపలికి పిలిచింది. పర్శరాములు తన తలెలో మిగిలిన సగం ముద్దను చంద్రవ్వ తలెలోకి తోశాడు. ఆమె అది కూడా తిని, మళ్లీ ఆలోచించి, ఇప్పుడూ తెలియలేదంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. ఇద్దరూ ఖాళీ తలెల ముందు కూర్చున్నారు. ఇట్లాంటి సందర్భానికి పందెంలో ఏర్పాటు లేదు. బయట ఎండ ఎక్కుతోంది.

చంద్రవ్వ చెయ్యి కడుక్కొని వచ్చి, కొంగుతో తుడుచుకుంటూ అడిగింది.

"నీ గురువు ఏమన్నడు? ఇంట్ల ఉడకద్దన్నడా, దొడ్ల ఉడకద్దన్నడా?"

పర్శరాములు గురువు మాటను మొదటి నుంచి చివరి దాకా గుర్తు చేసుకున్నాడు. గురువు మాటల్లో దొడ్డి ఎక్కడా రాలేదు.

"ఇంట్లనే అన్నడు."

"గోబిమడి ఖాళీగనే ఉన్నది గదా."

మళ్లీ రెండు కోసులు నడిచి గురువును అడగాలా అని పర్శరాములు అనుకున్నాడు. అడిగితే ఆయన చెబుతాడు, చెబితే వినాలి. పోలేదు.

ఆదివారం నాడు దడి పీకేసిన గోబిమడిలో పొయ్యి పెట్టి చంద్రవ్వ యాటకూర వండుకుంది. ఇంట్లో పర్శరాములు పప్పుతో తిన్నాడు. పొయ్యికి మూడు రాళ్లు మానేటి ఒడ్డు నుంచి మోసుకొచ్చింది కూడా అతనే.